చౌడు అడిగితే లేదనకూడదు

మా వంటింట్లో నిన్నటినుంచీ మందు వాసన. బొద్దింకలకని ఫోన్ చేస్తే వీపుకు డబ్బా తగిలించుకొని ఒకతను వచ్చి, సింకు కిందా, గ్యాసు బండ వెనకా, అలమారాల సందుల్లోనూ పిచికారీ కొట్టి, సాయంత్రం దాకా ఈ గదిలోకి రావద్దు మేడమ్, గిన్నెలన్నీ మళ్ళీ తోముకోండి, అని చెప్పి పోయాడు. తోమాను. తోమి తోమి చేతులు నొప్పులు పుట్టాయి గానీ వాసన మాత్రం పోలేదు, అన్నంలో కూడా అదే. పోయిన నెల చెదలకని ఇంకొకతను వచ్చి గోడల మొదట్లో బొక్కలు పెట్టి ఇంకేదో పోశాడు. అంతకుముందు పావురాలకని బాల్కనీకి వల కట్టించాం. కోతులకు మాత్రం ఏ మందూ లేదు. బళ్ళారి గుట్టల మీద నీళ్ళు ఎండిపోగానే అవి వరసగా మా మిద్దెల మీదికి దిగి, ట్యాంకు మూతలు పీకి, ఆరబెట్టిన వడియాలు మెక్కి, ఆరేసిన చీర కట్టుకోవడం ఒక్కటే తక్కువగా నానా బీభత్సం చేసి పోతాయి. ఎండాకాలం చివరికి వచ్చేసరికి లోకంలోని జీవరాశికంతా మా ఇంటి అడ్రసే దొరుకుతుంది. ఈ యుద్ధం చేసీ చేసీ నాకు విసుగు పుట్టింది.

ఆ ఘాటు ముక్కులో పడినప్పుడల్లా, ఎందుకో గానీ, దాని అడుగునుంచి ఇంకో వాసన పైకి వస్తుంది. ఎండిన చౌడు వాసన. చౌడంటే ఈ కాలం వాళ్ళకు చెప్పాలి. ఉప్పెక్కిపోయిన మన్ను అది. ఎండలు ముదిరేకొద్దీ నేలమీద తెల్లగా, పిండి చల్లినట్టు తేలుతుంది. అందులో ఏ గింజా మొలవదు. చాకలివాళ్ళు బట్టలు ఉడకేయడానికి తీసుకుపోయేవాళ్ళు, మేము మిద్దెల మీద పోసుకునేవాళ్ళం. కొంచెం సోడా, కొంచెం సున్నం, కొంచెం ఎండిన కాలువ, అన్నీ కలిసిన వాసన. నా చిన్నతనమంతా వేసవి సెలవుల చివర ఆ వాసనే.

మాది సిరుగుప్ప తాలూకాలో కాలువ కింద వరి పండే ఊరు. మా వీధిలో సగం మంది తెలుగు, సగం కన్నడం, కొట్లాటలు మాత్రం రెండు భాషల్లోనూ. మా ఇల్లు మట్టి మిద్దె. లావుపాటి రాతిగోడలు, వాటి మీద వేప దూలాలు, దూలాల మీద అడ్డకట్టెలు, వాటి మీద కందికట్టె పరిచి, ఆ పైన జానెడు మందాన మన్ను తొక్కి వేసిన కప్పు. వెలుతురు కోసం కప్పులో అక్కడక్కడా బొక్కలు విడిచేవాళ్ళు, వాటిని గవాచులు అనేవాళ్ళం. వంటింటి గవాచిలోంచి మధ్యాహ్నం ఒక గుండ్రటి ఎండముక్క దిగి పొయ్యి దగ్గరనుంచి గాదె దాకా నడిచిపోయేది. దాన్ని చూసి జేజి పొద్దెంతయిందో చెప్పేది. జేజి అంటే మా నాయన తల్లి. బయట నిప్పులు చెరుగుతున్నా లోపల నీళ్ళకుండ పక్కన కూర్చున్నట్టు చల్లగా ఉండేది ఆ ఇల్లు. ఆ చల్లదనం సంగతి మాతోపాటు ఊళ్ళో పాకే వాటికీ, గోకే వాటికీ, ఎగిరే వాటికీ కూడా బాగా తెలుసు.

రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. మా దగ్గర రోళ్ళతోపాటు పొలాలూ పగిలేవి. రెండో కారు వరి కోసి, కాలువకు నీళ్ళు బంద్ చేశాక, నల్లరేగడిలో కాలు దిగబడేంత నెర్రెలు విచ్చేవి. అప్పటిదాకా గట్లలో హాయిగా బతికిన ఎలుకలకు ఇక గింజా లేదు, నీళ్ళూ లేవు. సంసారాలు ఎత్తుకొని ఊళ్ళోకి వచ్చేవి. ఎలుకల వెనక పాములు వచ్చేవి. తేళ్ళూ జెర్రులూ గోడసందుల్లోని చల్లదనానికి వచ్చేవి, గండుచీమలు బెల్లం కుండకు వచ్చేవి, పందికొక్కులు గోడకింద తవ్వి బుట్టెడు మన్ను నడింట్లో కుప్పపోసి పోయేవి. కోతులు అప్పుడూ ఉండేవి గానీ వాటికి మా ఊళ్ళో మర్యాద ఎక్కువ. హనుమప్పను కొట్టకూడదు. ఊరగాయకు మామిడి ముక్కలు ఆరబెడితే పక్కన ఒకరు కట్టె పట్టుకొని కాపలా కూర్చోవాలి, ఆ కట్టె నేలకు కొట్టడానికే తప్ప కోతికి తగలకూడదు. ఆ కాపలా ప్రతి ఏడూ నాదే. ముక్కల్లో సగం కోతులు తినేవి, పావు నేను తినేదాన్ని, మిగిలిన పావుకు అమ్మ ఆవపిండి కలిపేది.

ఇంటిని కాచే పనికి జేజి సేనాపతి, అమ్మ సైన్యం. మంచం కోళ్ళ కింద నీళ్ళు పోసిన రాతిగిన్నెలు పెట్టాలి, ఆ నీళ్ళు ఎండకుండా చూడాలి. ఎలుక బొక్కల్లో గాజుపెంకులు వేసి సున్నం కలిపి దట్టించాలి. గాదె చుట్టూ బూడిద చల్లాలి, దూలాలకు కానుగ నూనె పూయాలి. పొద్దు వాలేటప్పుడు వేపాకూ ఎల్లిపాయ పొట్టూ నిప్పుల మీద వేసి గదిగదికీ పొగ పట్టాలి. తేళ్ళ సంగతి ఏమో గానీ, కళ్ళనీళ్ళు కారుస్తూ ముందు మేమే బయటికి పరిగెత్తేవాళ్ళం. దులపకుండా దుప్పటి కప్పుకున్నా, విదిలించకుండా చెప్పులు తొడిగినా వీపు విమానం మోత మోగేది. దీపం పెట్టాక పాము పేరు ఎత్తకూడదు, పెద్ద పురుగు అనాలి. ఇంత చేసినా మర్నాటికి ఎక్కడో ఒకచోట కొత్త బొక్క తేలేది, అమ్మ మళ్ళీ సున్నం కలిపేది. ఎండాకాలం చివరి రోజుల్లో అమ్మ నడుమెత్తి తీరిగ్గా నిలబడగా చూసిన జ్ఞాపకం నాకు లేదు.

ఇవన్నీ చిల్లర పనులు. అసలు కాపలా మిద్దె పైన ఉండేది. ప్రతి ఏడూ మొదటి వానకు ముందు, మిద్దె మీద మొలిచి ఎండిన నాలుగు గడ్డిపోచలనూ వేళ్ళతో సహా పీకి, పగుళ్ళు పూడ్చి, పైనంతా పొడి చౌడు పరిచేవాళ్ళు. వాన పడగానే ఆ చౌడు కరిగి, సందుసందులోకీ దిగి, ఆరాక గట్టి పొరగా పట్టుకునేది. చుక్క కారేది కాదు. ఆ ఉప్పుకు జడిసి చెదలు దూలాల జోలికి వచ్చేవి కావు. జేజి దీన్ని మాకు ఎక్కంలాగా నేర్పింది. "సౌడు మింద గడ్డి మొలవదు. గడ్డి ల్యాకుంటే పురుగు ల్యాదు. పురుగు ల్యాకుంటే బల్లి ల్యాదు. బల్లి ల్యాకుంటే ఇంగ ఆ పెద్ద పురుగుకు మనింట్లో ఏం పని?"

ఆ చౌడు ఊరంతటికీ మా చేనినుంచే పోయేది.

కాలువ రాకముందు ఆ చేన్లో జొన్న మనిషెత్తు పెరిగేదట, గుర్రం మీద పోయేవాడు కూడా కనపడేవాడు కాదని జేజి చెప్పేది. కాలువ వచ్చాక పైన ఉన్న పొలాలన్నీ వరిమళ్ళు అయ్యాయి, ఆ మళ్ళలో ఊరిన నీళ్ళన్నీ పల్లంలో ఉన్న మా చేనికి దిగాయి. నాయన పెళ్ళినాటికి అందులో జొన్న పోయింది, నేను పుట్టేనాటికి గడ్డి కూడా పోయింది. మాకు వేరే రెండు మడికట్లు ఉండేవి కాబట్టి తిండికి ఇబ్బంది లేదు గానీ, నాయనకు ప్రాణమంతా ఆ పాడుపడిన చేని మీదే. అది వాళ్ళ నాయన దున్నిన చేను. దానిలో ఒక్క కారైనా పంట తీయాలి, అంతే ఆయన కోరిక. పెండ్లికి పోయినా చావుకు పోయినా ఆ చేను మీదుగానే తిరిగొచ్చేవాడు, ఎక్కడైనా పచ్చగా ఒక పిలక కనపడుతుందేమోనని.

రోహిణి వస్తే ఆ చేనికి బండ్లు కట్టుకొని ఊరే కదిలేది. దానికి జేజి పెట్టిన కట్టుబాట్లు ఉండేవి. పారతో పైపైన గీరుకోవాలి తప్ప గుంతలు తవ్వకూడదు. తీసుకున్నదానికి ఎవరూ ఏమీ ఇవ్వకూడదు, మేము తీసుకోకూడదు. ఇక నీళ్ళూ, నిప్పూ, చౌడూ అడిగితే లేదనకూడదు. అడిగినవాళ్ళ ఇంట్లో మిద్దెమీదినుంచి తేలు రాలి పిల్లోణ్ణి కుడితే ఆ పాపం లేదన్నవాళ్ళదే. మా వీధిలో బండి తోలే గాదిలింగప్ప అందరికంటే ముందు వచ్చేవాడు. ఆయన మొదటి బండి చౌడు మా మిద్దెకు, తరవాతే ఆయన ఇంటికి. ఆ రోజు మా ఇంట్లో పండగ. అమ్మ ఇంత పెద్ద గంగాళంలో ఉగ్గాని కలిపేది, బొరుగులు నానబెట్టి పిండి, పుట్నాల పొడి చల్లి, నిమ్మకాయ పిండి. పక్కన మిరపకాయ బజ్జీలు, మజ్జిగ. మన్ను మోసినవాళ్ళు వీధి అరుగుల మీద కూర్చొని మోదుగాకు విస్తళ్ళలో తింటుంటే, మేము వాకిట్లో పోసిన చౌడు కుప్ప మీదినుంచి జారుడుబండ జారి, తెల్ల దయ్యాలమై, ఆనక ఆ ఉప్పుకు ఒళ్ళంతా గోక్కుంటూ ఏడ్చేవాళ్ళం. కుప్ప పక్కన నీడలో ఆడపిల్లలం అచ్చనగాయలు ఆడుతుంటే గాలికి లేచిన చౌడు నోట్లో పడి కరకరలాడేది.

తిన్నవాళ్ళు ఊరుకుంటారా, మెచ్చుకునేవాళ్ళు. మీ చౌడు మాదిరి చౌడు హగరి ఏటి దాకా పోయినా దొరకదన్నా, బంగారం, అనేవాళ్ళు. ఏటికేడు ఇంకా బాగా తేలుతోంది అని కూడా అనేవాళ్ళు. పాపం వాళ్ళు మంచికే అనేవాళ్ళు. ఆ మాట వినగానే నాయన విస్తరి వదిలి లేచి, ఎనుముల కొట్టంలోకి పోయి, ఉన్న గడ్డినే అటూ ఇటూ సర్దుతూ ఉండేవాడు. నీ చేను చచ్చిపోయింది, ఎంత బాగా చచ్చిపోయిందో అని మొహం మీద అంటే ఎవరికి మాత్రం అన్నం దిగుతుంది.

మా చేనికి పైన ఉన్న మళ్ళు సత్యంగారివి. కోస్తానుంచి వచ్చి, ఇక్కడ పొలాలు కొని, క్యాంపులు వేసుకొని వరి పండించేవాళ్ళలో ఆయనొకరు. మంచి మనిషి, నాయనకు స్నేహితుడు. ఒక వేసవిలో ఇద్దరూ గట్టుమీద నిలబడి బండ్లు నిండటం చూస్తున్నారు, నేను నాయనకు మజ్జిగ చెంబు తీసుకుపోయాను. సత్యంగారు మనసులో మాట అన్నారు. "ఏవండీ, ఏటేటా పైమన్నంతా ఇలా బళ్ళకెత్తి పంపేస్తుంటే పొలంలో సత్తువేం మిగులుతుందండీ? బలమంతా పైమన్నులోనే గదా ఉండేది."

ఆయన పుట్టిన కృష్ణ ఒడ్డు మన్నుకు అది నిజమే అయ్యుంటుంది. నాయనకు మాత్రం ఆ మాట సూదిలాగా దిగింది. జేజి కట్టుబాటును అప్పటిదాకా ఆయన ధర్మం అనుకున్నాడు. ఆ రోజునుంచి దొంగతనం అనుకున్నాడు, ఊరంతా కలిసి తన చేను చర్మం ఒలుచుకుపోతున్నారని. ఆ ఏడు చేనికి ఎత్తుగా గట్లు వేయించాడు, పచ్చిరొట్ట ఎరువుకని జీలుగ విత్తనాలు తెచ్చాడు, నీళ్ళు పెట్టి కడిగితే చౌడు దిగిపోతుందని లెక్కలు కట్టాడు. మరుసటి రోహిణికి గాదిలింగప్ప ఎప్పటిలాగే బండి కట్టుకొని పోతే, నాయన బండిబాటకు అడ్డంగా నిలబడ్డాడు. ఇంగ ఈ చేన్లో పార దిగేది లేదప్పా అన్నాడు. గాదిలింగప్ప మొదట ఎగతాళి అనుకొని నవ్వాడట. ఆ తరవాత ఎద్దులను వెనక్కి తిప్పుకొని, ఖాళీ బండితో ఊరి నడుమ నుంచి, అందరూ చూస్తుండగా ఇంటికి వచ్చాడు.

జేజి ఆ మాట విని నాయనను పిలిచింది. "తప్పు నాయనా. సౌడు అడిగితే ల్యాదనగూడదు." నాయన తల వంచుకొని, చేను బాగుపడేదాకా ఓర్చుకో అమ్మా అన్నాడు. మరి మన మిద్దెకో అని అడిగింది. మన మిద్దెకు కూడా అందులో మన్ను తీసేది లేదన్నాడు. ఊరికి ఒక న్యాయం, తనకొక న్యాయం పెట్టుకునే మనిషి కాదు ఆయన. గుట్ట దగ్గరనుంచి ఎర్రమన్ను తోలించి, తనే నెత్తిన గంపలు మోసి మిద్దెకు పోశాడు. జేజి ఆ మన్నును చేత్తో నలిపి, వాసన చూసి, చేతులు దులుపుకొని లోపలికి పోయింది.

వానలు పడ్డాయి. మా మిద్దె పచ్చగా మొలిచింది. గరిక, పల్లేరు, తుమ్మికూర, పేరు తెలియని తీగలు కూడా. ఊరి మిద్దెలన్నిటి మధ్యా మాదొక్కటే తోటలాగా కళకళలాడింది. చేన్లో మొలవనిది మిద్దెమీద మొలిచింది కదా, ఇక ఊరుకుంటారా జనం. ఈసారి మిద్దె మింద వరి నాటుతావా అన్నా, అని ఒకరు, కోతకు మమ్మల్ని పిలువు అని ఇంకొకరు. నాయన వాళ్ళతోపాటు నవ్వడానికి చూసేవాడు గానీ ఆయనకు నవ్వు వచ్చేది కాదు.

మళ్ళీ ఎండలు వచ్చేసరికి ఆ గడ్డంతా ఎండి, వేళ్ళు దిగినచోటల్లా కప్పుకు బొక్కలు పడ్డాయి. మంచాల మీద, అన్నం కంచాల్లో మన్ను రాలేది. మన్నుతోపాటు జెర్రి రాలేది. పెద్ద దూలానికి చెదలు పట్టాయి; అమ్మ పొద్దున తుడిచిన గీత సాయంత్రానికి మళ్ళీ గోడమీదికి పాకేది. అమ్మ అంతకుముందు ఒకసారి చేసిన పని ఇప్పుడు మూడుసార్లు చేసేది. ఒక మధ్యాహ్నం రోటి దగ్గర కూర్చొని ఊరుబిండి పచ్చడి నూరుతుంటే పైనుంచి ఎర్రతేలు మెడమీద పడి, తోసేయబోయిన చేతిమీద కుట్టింది. చెమటలు కారిపోయి, పెదవులు నల్లబడి, మాట ముద్దయిపోయింది. జేజి పసరు పోసింది, గాదిలింగప్పే పరుగున బండి కట్టాడు, సిరుగుప్ప ఆసుపత్రికి తీసుకుపోయారు. బతికింది. ఇంటికి వచ్చాక కూడా చాలా రోజులు ఆ చేత్తో బిందె ఎత్తలేకపోయింది. ఒక పూట నాయన అన్నానికి కూర్చుంటే, ఆయన వైపు చూడకుండా, పొయ్యితో మాట్లాడుతున్నట్టు అంది. "ఆ చేను పండుతాదో ల్యాదో నాకు తెల్దు. పిల్లోళ్ళు యాడ పండుకోవల్లో అది సెప్పు."

నాయన ముద్ద కంచంలోనే పెట్టి లేచాడు. మర్నాడు ఎక్కడినుంచో దూరపు ఊరినుంచి రెండు బండ్ల చౌడు తోలించి మిద్దెకు పోయించాడు. పోస్తే ఏం లాభం, దూలం లోపల అప్పటికే గుల్ల అయింది. మా చేన్లో మాత్రం పార దిగనివ్వలేదు. ఊళ్ళోవాళ్ళూ మొదట అలిగారు, తరవాత తలా ఒక దారి చూసుకున్నారు. గాదిలింగప్ప అందరికంటే ముందు కప్పు పీకించి సిమెంటు మిద్దె వేసుకున్నాడు. ఆయన్ని చూసి పక్కవాళ్ళు, వాళ్ళను చూసి ఎదుటివాళ్ళు.

చేను విషయం కూడా చెప్పాలి కదా. నీళ్ళు కట్టి కడిగాడు. జీలుగ చల్లితే ఇక్కడ పిడికెడు, అక్కడ పిడికెడు మొలిచింది. దాన్ని కలియదున్ని వరి నాటాడు. పచ్చబడింది. ఆ పచ్చదనం చూపించడానికి నాయన మమ్మల్ని అందరినీ చేనికి తీసుకుపోయాడు, జేజిని బండిలో కూర్చోబెట్టి మరీ. ఆయన మొహం అంత వెలగడం నేను ముందెప్పుడూ చూడలేదు. తరవాత పది పన్నెండు రోజులకు ఆకుల కొసలు ఎర్రబడి, మడికి మడి మాడిపోయింది. మరుసటి వేసవికి చేను ఇదివరకటి కంటే మందంగా తెల్లబారింది, నడిస్తే కాలికింద పెళపెళ విరిగేది. ఇంకో ఏడు నాటాడు, ఇంకో ఏడు. ఈ లోపల జేజి పోయింది. ఇల్లూ పోయె, చేనూ పోయె, రెంటికీ చెడ్డ రేవడి అయినాడని ఊళ్ళో అనుకునేవాళ్ళు, నా చెవిన కూడా పడేది.

నేను బళ్ళారిలో కాలేజీ చదువుతుండగా ఒకరోజు నాయన ఎరువుల సంచిలో చేని మన్ను వేసుకొని హాస్టలుకు వచ్చాడు. హగరి వ్యవసాయ ఫారంలో చూపించాలి, ఆఫీసర్లు ఇంగ్లీషులో మాట్లాడతారేమో, తోడు రామ్మా అన్నాడు. పోయాం. అక్కడి ఆఫీసరు ఇంగ్లీషు ఏమీ మాట్లాడలేదు, మన్ను చూసి, చేను చరిత్రంతా కన్నడంలోనూ తెలుగులోనూ కలిపి అడిగి తెలుసుకున్నాడు. ముందు ఏటేటా పైన గీరి బయటికి తోలేవాళ్ళా అని అడిగాడు. అవునన్నాడు నాయన. "మత్తె యాకె బిట్రి?" అన్నాడాయన, మరి ఎందుకు మానేశారు అని.

నాయన సంచి మూతి ముడివేసుకున్నాడు. ఆఫీసరే ఓపికగా చెప్పాడు. ఎండలకు అడుగున ఉన్న ఉప్పంతా నీళ్ళతోపాటు పైకి వచ్చి పొరకడుతుంది, ఆ పొర గీరి దూరంగా పారేస్తే అంత ఉప్పు పోయినట్టే. అదొక్కటే చాలదు, మీ పల్లపు చేనికి నీళ్ళు బయటికి పోయే కాలువ లేకుండా ఎంత కడిగినా ఉప్పు ఉన్నచోటే ఉంటుంది. మురుగు కాలువ తవ్వండి, గీరడం మానవద్దు, అన్నాడు. ఇద్దరం బయటికి వచ్చి బస్సు కోసం నిలబడ్డాం. ఊరంతా ఏళ్ళ తరబడి తన చేనిలోని ఉప్పును ఊరికే, తమ ఎద్దులతో, తమ చేతులతో మోసుకుపోతుంటే, తాను బాటకు అడ్డం నిలబడి ఆపేశాడు. ఆ సంగతి ఆయనకు అక్కడ నిలబడి ఉండగా కొంచెం కొంచెంగా అర్థమవుతుండటం నేను చూశాను. బస్సెక్కాక చాలా దూరం పోయిన తరవాత ఒక్క మాట అడిగాడు. "మీ జేజి ఇది తెలిసే సెప్పిందంటావా పాపా, తెలీకనే సెప్పిందంటావా?" నాకు తెలియదన్నాను. జేజి ఉంటే ఆయనకు ఆ మాటైనా తేలేది.

ఆ రోహిణికి నాయన ఇల్లిల్లూ తిరిగాడు. చౌడు తోలుకపోండప్పా, ఎవరొచ్చినా కాదనను, కావాలంటే బండి నేనే కడతా, అని. అమ్మ వద్దంది, పరువు పోతుందంది. ఆయన వినలేదు. ఇంకా మట్టి మిద్దెలు మిగిలిన ఒకరిద్దరు ముసలివాళ్ళు రెండు మూడేళ్ళు తోలుకున్నారు. వాళ్ళ కొడుకులు ఇండ్లు కట్టాక వాళ్ళూ మానుకున్నారు. గాదిలింగప్ప ఇంటికి నాయన పోయినప్పుడు నేను సెలవులకు వచ్చి ఉన్నాను, మా అరుగు మీదికి మాటలు వినపడ్డాయి. గాదిలింగప్ప ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి, టీ తెప్పించి, పాత కోపమేమీ లేకుండానే అన్నాడు. "మాది సిమెంటు మిద్దె అయిపాయె గదన్నా. ఇంగ సౌడేం జేసుకుందుము?" నాయన టీ అంతా తాగి, గ్లాసు కడిగి పెట్టి, ఇంటికి వచ్చాడు.

మా మిద్దె కూడా పోయింది. చెదలు తిన్న దూలం ఒక వానాకాలం కుంగితే, తమ్ముడు దాన్ని పడగొట్టి సిమెంటు ఇల్లు కట్టాడు. కిటికీలకు దోమతెరలు, గచ్చుకు నున్నటి బండలు. తేళ్ళు రావు, నిజమే. వేసవిలో ఆ ఇంట్లో మధ్యాహ్నం మనిషి కూడా ఉండలేడు. గవాచులు లేవు, గాదె లేదు, ఉగ్గాని ఇప్పుడు హోటలునుంచి పొట్లం కట్టించుకొస్తారు. ఎలుకలకు గోధుమరంగు బిళ్ళలు, చీమలకు చాక్‌పీసు గీత. ఊళ్ళో మట్టి మిద్దె చూపించమంటే చూపించడానికి ఒక్కటీ మిగల్లేదు.

నాయన మాత్రం ఉన్నాడు. ఎనభై దాటాడు. తమ్ముడు మురుగు కాలువ తవ్వించాడు, కొంత మేలు కనపడుతోందంటాడు, ఒక మూలన వరి పాలుపోసుకునేదాకా వచ్చి ఆగిందట. రోహిణి రాగానే నాయన పార భుజాన వేసుకొని, ఆటోలో చేనికి పోయి, ఓపిక ఉన్నంత మేర పైపైన గీరి గట్టు అవతల కుప్ప పోస్తాడు. వాన వస్తే ఆ కుప్పలోంచి సగం మళ్ళీ చేన్లోకే దిగుతుంది. తమ్ముడు తిడతాడు, కోడలు ఎండదెబ్బ తగులుతుందని ఏడుస్తుంది. పోయిన వారం నేను పోయినప్పుడు గట్టుమీద కుప్పలు వరసగా ఉన్నాయి, ఆయన చేతులు ఉప్పుకు పగిలి ఉన్నాయి. ఇంక చాలు నాయనా, ఈ వయసులో ఎందుకు అని కోప్పడ్డాను. ఆయన నా కోపం పట్టించుకోలేదు, చాలా రోజులుగా అడగాలనుకున్నది గుర్తొచ్చినట్టు నా వైపు తిరిగాడు. "బళ్ళారి పెద్ద ఊరు గదమ్మా. ఆడ ఎవురికన్నా మట్టి మిద్దె ఉండాదేమో ఇచారించు. సౌడు ఊరికే ఇస్తామని సెప్పు."

అడుగుతాలే నాయనా, అని కారెక్కాను. ఊరికే అన్న మాట కాదు, నిజంగానే అడిగాను. పాలు పోసే ఆమెను అడిగాను, కప్పగల్లునుంచి వచ్చే కూరగాయలామెను అడిగాను, మా ఆయనది లారీల వ్యాపారం, ఆ లారీల మీద పనిచేసే నలుగురు డ్రైవర్లను వాళ్ళ వాళ్ళ ఊళ్ళలో కనుక్కోమన్నాను. చౌడంటే ఏమిటని ఒకతను తిరిగి నన్నే అడిగాడు. ఒక్క మిద్దె కూడా దొరకలేదు. నాయన రోజూ సాయంత్రం ఫోన్ చేస్తున్నాడు, ఎండలెట్ల ఉండాయి, కోతులొస్తాండాయా అని అన్నీ అడిగి, చివర కాసేపు ఆగుతాడు. ఇంకా విచారిస్తున్నానని చెబుతున్నాను.